మహమ్మారి మొదటి రోజులు: ముందస్తు హెచ్చరికలు, ప్రభుత్వ గోప్యత

మన వేమగల్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఇప్పటికీ వినబడే ప్రశ్న ఒకటుంది: "కరోనా వస్తుందని పైవాళ్లకు ముందే తెలియదా? తెలిసీ చెప్పలేదా?" దీనికి జవాబు ఒక్క మాటలో రాదు. అందుకే జరిగిన సంగతులను తేదీలతో ఒకచోట రాసి పెడుతున్నాను.

ప్లేగు

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ ప్రాంతంలో డాక్టర్ అకాసియో వియేగాస్ ప్లేగును గుర్తించి బయటపెట్టారు. ఆ పేరు ఒప్పుకోవడానికి అధికారులు మొదట వెనకాడారు. ప్లేగు అని ప్రకటిస్తే రేవు వ్యాపారం ఆగిపోతుందన్న భయం ఉండేది. 1897లో అంటువ్యాధుల చట్టం వచ్చింది. ఇళ్ల సోదాలకు, రోగులను శిబిరాలకు తరలించడానికి జడిసి జనం కూడా జబ్బును దాచారు. 1898 ఆగస్టుకు ప్లేగు బెంగళూరు చేరింది. పల్లెల్లో మాత్రం సర్కారు దండోరా కోసం ఎదురుచూడలేదు. ఇంట్లో ఎలుకలు చచ్చి పడితే ఊరు ఖాళీ చేసి, పొలాల్లో గుడిసెలు వేసుకొనేవారు. వారికి అదే ముందస్తు హెచ్చరిక.

1918 ఇన్‌ఫ్లూయెంజా

1918 జూన్‌లో బొంబాయి రేవులో కాపలా పోలీసులు జ్వరంతో పడ్డారు. జబ్బు ఓడల ద్వారా వచ్చిందని నగర ఆరోగ్యాధికారి అంటే, ఊరి మురికే కారణమని ప్రభుత్వం వైపువారు వాదించారు. అది యుద్ధకాలం. పోరాడుతున్న దేశాల్లో పత్రికలపై ఆంక్షలుండేవి. స్పెయిన్ యుద్ధంలో లేదు కనుక అక్కడి పత్రికలు బాహాటంగా రాశాయి. నిజం రాసిన దేశం పేరే జబ్బుకు అంటుకుంది.

కోవిడ్

2019 డిసెంబరు 30న చైనాలోని వుహాన్‌లో కంటి డాక్టరు లీ వెన్‌లియాంగ్ తోటి డాక్టర్లను హెచ్చరించారు. 2020 జనవరి 3న పోలీసులు ఆయనను పిలిచి, పుకార్లు పుట్టించానని సంతకం చేయించుకున్నారు. మనిషి నుంచి మనిషికి సోకుతుందని చైనా బహిరంగంగా ఒప్పుకున్నది జనవరి 20న. అంటే మూడు వారాలు పోయాయి. జనవరి 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అదే రోజు కేరళలో మన దేశపు మొదటి కేసు తేలింది. ఫిబ్రవరి 7న లీ అదే జబ్బుతో చనిపోయారు. మార్చిలో ఆయనపై మందలింపును రద్దు చేశారు.

మన తెలుగు రాష్ట్రంలోనూ లెక్కల తగాదా వచ్చింది. పరీక్షలు తక్కువగా చేస్తున్నారనీ, వివరాలు పూర్తిగా ఇవ్వడం లేదనీ 2020లో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని పలుమార్లు నిలదీసింది. ఆసుపత్రుల్లో చనిపోయినవారికి కూడా పరీక్ష చేయాలన్న హైకోర్టు ఆదేశంపై జూన్‌లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

మన కోలారు జిల్లా మే నెల దాకా గ్రీన్ జోన్. మే 12న ముళబాగిలు తాలూకాలో ఒకేసారి 5 కేసులు బయటపడ్డాయి.

నిల్ రిపోర్టు

గుమాస్తాగా పనిచేసినన్నాళ్లూ ఎన్నో నిల్ రిపోర్టులు రాశాను. వెదికి చూసి ఏమీ లేక రాసే సున్నా ఒకటి. చూడకుండానే రాసే సున్నా ఇంకొకటి. కాగితం మీద రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. గ్రీన్ జోన్ అన్న మాట విని నేనూ నిశ్చింతగా ఉన్నాను. ఎన్ని పరీక్షలు చేశారని ఒక్కసారైనా అడగలేదు. ఆ తప్పు నాదే.

ఇకముందు ఏ జబ్బు గురించి విన్నా మూడు ప్రశ్నలు అడగమని మనవి. ఎంతమందికి పరీక్ష చేశారు? ఈ మాట చెబుతున్నది రోగులను చూసిన డాక్టరా, విన్నవాళ్లా? లెక్క ఏ తేదీది? ఫోనులో వచ్చిన ప్రతి కబురూ హెచ్చరిక కాదు. ప్రభుత్వం కాదన్న ప్రతిదీ పుకారూ కాదు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే దాచకండి. దాచడం మన గడపలోనే మొదలైతే, సర్కారును అడిగే నోరు మనకుండదు.