నల్లమల దిగువ మందు కలిపినవారు

నల్లమల తూర్పుచరియ దిగువనున్న కంభము, గిద్దలూరు, మార్కాపురము ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లా యేర్పడువరకు కర్నూలు జిల్లాలోనివి; చలిజ్వరము వీనికి పాతచుట్టము. అట్టిచోట ధర్మాసుపత్రిలో మందు కలుపువాడెవడు, వానికా విద్య గఱపినదెవరు, వాని చేతికి హద్దులు గీచినదెవరు అను ప్రశ్నలకు ప్రాణములతోనే సంబంధము కలదు.

ఈ ప్రశ్నలకు జవాబు వెదకుటకు ముందు ఇంగ్లండు వైపు చూడవలెను. అచ్చట అపోతికరీలనబడు మందుల వర్తకులు 1617లో కిరాణా వర్తకుల సంఘమునుండి విడివడి, తమ సంఘమును తాము స్థాపించుకొని, క్రమముగా రోగిని పరీక్షించి చికిత్స సేయునంతటివారై, 1815 నాటి చట్టముచే ఐదేండ్ల శిష్యరికమునకును పరీక్షకును లోబడిరి. అంతకు మూడేండ్లు ముందుగనే, 1812లో, మద్రాసు ప్రభుత్వము తన సైనిక వైద్యశాలలకై అపోతికరీలు, డ్రెస్సర్లు మున్నగు క్రిందితరగతి వైద్యోద్యోగుల శాఖ నొకదాని నేర్పరచెను. పేరొక్కటే గాని స్థితి వేరు: అక్కడివాడు తన యంగడికి తానే యజమానుడు, ఇక్కడివాడు సర్జను దొర యాజ్ఞకు కట్టువడిన జీతగాడు. 1835 ఫిబ్రవరి 2వ తేదీన మద్రాసులో తెరువబడి, 1850లో కళాశాలయైన వైద్యపాఠశాల మొదట పుట్టినది ఈ క్రిందితరగతివారిని తయారుసేయుటకే. దానిని మహావైద్యుల పుట్టినిల్లుగా కీర్తించునప్పుడు ఈ సంగతి తఱచుగా మరుగున పడుచుండును.

1871 నాటి స్థానికనిధుల చట్టమును, 1884 నాటి లోకల్ బోర్డుల చట్టమును వచ్చినపిదప మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) యందలి తాలూకాలకు వైద్యశాలలు వ్యాపింపగా, వానిపై సివిల్ అపోతికరీయో హాస్పిటల్ అసిస్టెంటో అధికారిగా నుండెను. కాలక్రమమున బిరుదములు మారినవి: 1894లో సైనిక అపోతికరీలు అసిస్టెంటు సర్జనులైరి, తరువాత హాస్పిటల్ అసిస్టెంట్లు సబ్ అసిస్టెంటు సర్జనులైరి. పేరు పెద్దదగుకొలది మనిషి మందుబల్లకు దూరమై, కలుపుట, కొలుచుట, వడబోయుట యనునవి కాంపౌండరు పాలబడెను. రోగి యింటినుండి తెచ్చుకొన్న సీసాలో మిక్చరు పోసి, పూటకెంత త్రాగవలెనో తెలియుటకు గంట్లు కత్తిరించిన కాగితపుముక్క నంటించి, చదువురాని ముసలివానికి వ్రేలితో జూపి చెప్పెడి ఆ కాంపౌండరును పల్లెజనులు డాక్టరనియే పిలిచిరి. ఆ పిలుపును నేను తప్పుపట్టజాలను. జనులకు ఎదుటనున్నవాడతడే గదా!

చలిజ్వరమునకు మందు కొయినా (క్వినైను). 1860 ప్రాంతమున నీలగిరులలో, కొయినా నిచ్చు సింకోనా చెట్ల తోటలు వేయించిన ప్రభుత్వము, తరువాత ఆ మందును పొట్లములుగా కట్టించి తపాలా కచేరీలలో సైతము అమ్మించెను. అయితే అంగళ్ళలో అమ్ముడుపోవు సరకునకు పూచీ యెవరు? బలముచాలని మందులు, కల్తీ మందులు దేశమంతట విచ్చలవిడిగా చెల్లుచున్నవను మొర బలియగా, 1930లో రామనాథ్ చోప్రా అధ్యక్షతను నియమింపబడిన విచారణ సంఘము ఆ దుస్థితిని నిరూపించి, మందులకును మందు కలుపువారికిని శాసనము కావలెనని చెప్పెను. ఐనను ఔషధచట్టము వచ్చుటకు 1940, దాని నిబంధనలు వచ్చుటకు 1945 కావలసివచ్చెను. ఈలోపల జ్వరము ఆగలేదు.

కలుపువాని వంతు అందరికన్న కడపట, 1948 నాటి ఫార్మసీ చట్టముతో వచ్చెను. జీతగాని నియమించుటలో 1812లోనే చూపిన శ్రద్ధ, బజారులో మందిచ్చువాని విషయమున నూటముప్పదియారేండ్లకు గాని కలుగలేదన్నమాట. ఆ చట్టములో నాకు మెచ్చుకోదగినదిగా తోచినది మందు కలుపువారి పేర్లు నమోదు చేయు తొలి పట్టికను గూర్చిన సెక్షను: పట్టములేకున్నను, నిర్ణీతదినమునకు ముందు ఐదేండ్లకు తక్కువగాకుండ వైద్యుల చీటీలపై మందు కలిపినవానికి అందు చోటు కల్పింపబడెను. చేతిపనిగా నేర్చినవారిని ఒక్క కలముపోటుతో వీధిపాలు చేయకుండ, రాబోవువారికి మాత్రము చదువు విధించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1951లో ఫార్మసీ శాఖ తెరువబడుటతో ఆ చదువు తెలుగుగడ్డపైనను లభ్యమయ్యెను.

కొండమూలికలతో చూర్ణములు, లేహ్యములు చేసెడి వైద్యుల మాట యేమి? వారి విద్యను పరిశీలింప మద్రాసు ప్రభుత్వము 1921లో ఉస్మాన్ సంఘమును నియమించి, 1925లో దేశీయ వైద్యపాఠశాలను నెలకొల్పెను. వారి మందులు ఔషధచట్టములో ప్రత్యేకాధ్యాయముగా చేరినది 1964 సవరణతో. అప్పుడును, తన రోగులకై తానే మందు చేసికొను వైద్యునకు తయారీ నిబంధన లంటవని మినహాయింపు నిచ్చిరి.