బండి అప్పు, హామీ కాగితం: దళితవాడ వైపు నుంచి ఒక చరిత్ర

కారు కొనడానికి అప్పు అడిగితే బ్యాంకు వాళ్ళు ఒక జాబితా చేతిలో పెడతారు. గుర్తింపు, చిరునామా రుజువులు, పాన్ కార్డు, మూడు నెలల జీతం స్లిప్పులు, లేదంటే ఆదాయపు పన్ను రిటర్నులు, ఆరు నెలల ఖాతా వివరం, డీలరు ఇచ్చిన కొటేషన్. ఇందులో కులం అన్న మాట ఎక్కడా కనిపించదు. ఒక్కో కాగితం ఎవరింట్లో ఉంటుంది, ఎవరింట్లో ఉండదు అని అడిగితే మాత్రం కనిపిస్తుంది. ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది అదే.

అప్పు కాగితంతో మనవాళ్ళ పరిచయం బ్యాంకులతో మొదలైంది కాదు. పాలేరు అన్నా, జీతగాడు అన్నా, భగేలా అన్నా, దొర దగ్గర తెచ్చుకున్న కాస్త డబ్బుకి మనిషే తాకట్టు. కాగితమంటూ ఉంటే దొర పెట్టెలో ఉండేది, దాని మీద వేలిముద్ర మనది. ఎంత రాసుకున్నారో చదివి చెప్పేవాడు వాడలో దొరకడం కష్టం. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం భగేలా, జీతం, వెట్టి అనే పేర్లను తన నిర్వచనంలోనే చేర్చి, అలాంటి అప్పులను రద్దు చేసింది. చదవనివ్వకుండా సంతకం పెట్టించుకునే అలవాటు ఆ చట్టంతో పోలేదు. దాని సంగతి కిందికి వస్తుంది.

1969లో 14 బ్యాంకులను జాతీయం చేశారు. 1972లో 4 శాతం వడ్డీకి పేదలకు అప్పులిచ్చే పథకం వచ్చింది, తర్వాత అందులో 40 శాతం షెడ్యూల్డు కులాలు, తెగలకు ఇవ్వాలన్నారు. ఆ సొమ్ముతో గేదె వస్తుంది గానీ బండి రాదు. బండి దాకా వెళ్ళే దారి 1974లో ఏర్పడిన ఎస్సీ కార్పొరేషన్‌ది. బ్యాంకు అప్పుకి మనం ముందు పెట్టాల్సిన వాటాలో కొంత కార్పొరేషన్ మార్జిన్ మనీగా ఇస్తుంది, కొంత సబ్సిడీ కలుస్తుంది. ఊరి బయటి కుర్రాడు దొర జీపు తోలడం మానేసి తన ఆటోనో ట్యాక్సీనో తాను తోలడం చిన్న మార్పేమీ కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో మేము ఏకీభవించం.

చిక్కంతా ఫైలులో ఉంది. కార్పొరేషన్‌కి ఆదాయ ధ్రువపత్రం కావాలి. అందులో ఆదాయం పరిమితికి లోపల ఉంటేనే అర్హత. అదే ఫైలు బ్యాంకు మేనేజరు బల్ల మీదికి వెళ్తుంది. ఆయన అదే పత్రం చూసి, ఇంత తక్కువ ఆదాయంతో కిస్తీలెట్లా కడతావయ్యా అంటాడు. పేదవాడినని ఒకచోట, పేదవాడిని కానని ఇంకోచోట రుజువు చేసుకోవాలి! పదేళ్ళు ఇంకొకరి ట్యాక్సీ నడిపినవాడికి జీతం స్లిప్పు ఉండదు, రోజు లెక్క ఓనరు చేతిలో పోసి ఇంటికి వస్తాడు. ఆ పత్రానికి ఆధారం కూడా 1984 దాకా కరణం, మునసబుల మాటే. వంశపారంపర్యంగా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఏ కులాలవాళ్ళో మన పాఠకులకు చెప్పక్కర్లేదు. ఆ ఏడాది ఆ ఉద్యోగాలు రద్దయ్యాయి, 1985లో మండలాలు వచ్చాయి. కాగితం కోసం ఎవరి గుమ్మం ముందు నిలబడాలన్నది మారింది. నిలబడ్డం అలాగే ఉంది.

ఆ తర్వాత హామీదారు. అసలు గొడవ ఇక్కడే. స్థిరాస్తి ఉన్నవాడో, ప్రభుత్వోద్యోగో సంతకం పెట్టాలంటారు. వాడలో ఉన్న భూమి చాలావరకు డి-ఫారం పట్టా భూమి. 1977 అసైన్డ్ భూముల చట్టం ఆ భూమి అమ్మకాన్ని నిషేధించింది, దళితుల చేతిలోంచి జారిపోకుండా అది అవసరమే. షెడ్యూల్డు బ్యాంకుకి తనఖా పెట్టడాన్ని అదే చట్టం మినహాయించింది కూడా. అయినా అమ్ముడుపోని భూమి హామీగా పనికిరాదనే మాటే బ్యాంకులో వినపడుతుంది. మనల్ని కాపాడ్డానికి పెట్టిన నిబంధనే మనకి అడ్డమైంది. ఇక మిగిలింది రిజర్వేషన్‌లో ఉద్యోగం వచ్చిన ఒకరిద్దరు. ఒక టీచరు ఎంతమందికని సంతకం పెడతాడు? పెట్టకపోతే చుట్టాలు వెలివేసినట్టు చూస్తారు, పెడితే జీతంలో కోత పడుతుంది. పై కులాలవాళ్ళకి ఇదే సంతకం మామో బావమరిదో ఇంటికొచ్చి పెట్టిపోతాడు.

బ్యాంకు తిప్పి పంపిస్తే ప్రైవేటు ఫైనాన్సు. అక్కడ కాగితాలు తక్కువ, సంతకాలు ఎక్కువ. 1988 మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ కింద ఆర్.సి. పుస్తకంలో ఫైనాన్షియర్ పేరు ఎక్కుతుంది, అందుకు 34వ నంబరు ఫారం. కిస్తీ తప్పి బండి గుంజుకుంటే, 36వ ఫారంతో ఫైనాన్షియర్ తన పేరు మీదే కొత్త ఆర్.సి. అడగొచ్చు. ఇవి చట్టంలో ఉన్నవి. వీటితోపాటు యాజమాన్య బదిలీకి వాడే 29, 30 ఫారాల మీద ఖాళీగా సంతకాలు, రెవెన్యూ స్టాంపు అంటించిన ఖాళీ ప్రోనోట్లు, తేదీ వెయ్యని చెక్కులు తీసుకోవడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. చెక్కు చెల్లకపోవడం 1989 ఏప్రిల్ నుంచి జైలు శిక్ష పడే నేరమైంది. అంటే వేలిముద్ర కాగితం మళ్ళీ దొర పెట్టెలోకే చేరింది, పైగా ఇప్పుడు కోర్టు తోడుంది. బండ్లు గుంజుకోడానికి గూండాల్ని పంపకూడదని సుప్రీంకోర్టు 2007లో ఒక బ్యాంకు కేసులో గట్టిగా చెప్పింది. రోడ్డు మీద ఆపినప్పుడు డ్రైవరు జేబులో ఆ తీర్పు ఉండదు కదా.

2021లో తెలంగాణలో వచ్చిన దళితబంధు ఈ ఫైలు మొత్తాన్ని పక్కనపెట్టింది. కుటుంబానికి 10 లక్షలు, బ్యాంకు అప్పు లేదు, హామీదారు లేడు. చాలామంది కార్లు, ట్రాక్టర్లు, సరకు బండ్లు ఎంచుకోవడం మాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఇన్నాళ్ళూ తోలిన చేతులకు తెలిసిన పని అది. కాకపోతే హుజూరాబాద్ అవతల లబ్ధిదారుల ఎంపిక ఎమ్మెల్యేల చేతికి పోయింది, జామీను కాగితం ఉన్నచోట సిఫారసు వచ్చింది.

బ్యాంకుల దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఎక్కువే. వాళ్ళతో పనిచేసే కార్యకర్తలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. షెడ్యూల్డు కులాల దరఖాస్తును బ్రాంచి స్థాయిలో తిరస్కరించకూడదని, పై స్థాయిలోనే ఆ నిర్ణయం జరగాలని, కారణం స్పష్టంగా చూపాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలున్నాయి. నోటిమాటగా లేదని చెప్పి పంపిస్తే, ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడగాలి. అప్పు తీరినవాళ్ళు 35వ ఫారం మీద ఫైనాన్షియర్ సంతకం తెచ్చుకుని ఆర్టీఓ ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వకపోతే చివరి కిస్తీ కట్టాక కూడా ఆర్.సి. మీద వాళ్ళ పేరు అలాగే ఉండిపోతుంది.