మోటుపల్లి అభయ శాసనం

కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం. సముద్ర వర్తకులకు రాజు రక్షణ మాట ఇచ్చినందున దీనికి అభయ శాసనమన్న పేరు స్థిరపడింది. మోటుపల్లి నేడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని చిన్న తీరగ్రామం.

అంతకుముందు గాలివానకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా స్థానిక పాలకులదే అయ్యేది. ప్రాణాలకు తెగించి సముద్రం దాటిన వర్తకుడికి ధనమే ప్రాణం కన్నా మిన్న అని తలచి, ఆ దోపిడీని గణపతిదేవుడు మాన్పించాడు. కూపశుల్కమనే సుంకం మాత్రమే ఉంచాడు: ఎగుమతి, దిగుమతి సరుకులపై ముప్ఫయ్యోవంతు. చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, మిరియాలు, పోకలు వంటి వాటికి విడివిడిగా రేట్లు చెక్కించాడు. రేవుకు చేరే వ్యాపారి ఎంత చెల్లించాలో ముందే తెలుసుకోగలగడం ఆ కాలానికి గొప్ప భరోసా. వర్తకాన్ని రాజనీతిగా ఎంచిన శాసనాల్లో దీనిది అగ్రస్థానం.

13వ శతాబ్దం చివర ఈ తీరం గురించి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, ఇక్కడి వజ్రాలనూ సాలెగూడంత పలచని నూలుబట్టలనూ మెచ్చుకున్నాడు. ఆయన కొనియాడిన ఇక్కడి రాణి, గణపతిదేవుడి కుమార్తె రుద్రమదేవేనని చరిత్రకారుల అభిప్రాయం. కాకతీయుల తరవాత రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో ఇదే రేవులో వర్తకులకు రాయితీలిస్తూ మరో శాసనం వేయించాడు.