నాజ్కా రేఖలు

దక్షిణ పెరూలో, రాజధాని లిమాకు దాదాపు 400 కిలోమీటర్ల దూరాన, నాజ్కా, పాల్పా పట్టణాల మధ్య ఎడారి నేల మీద ఉన్న భారీ బొమ్మలు, గీతలు. ఎక్కువ భాగం క్రీ.పూ. 500 – క్రీ.శ. 500 మధ్య కాలానివి. యునెస్కో 1994లో వీటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

గీసిన పద్ధతిలో పెద్ద మర్మమేమీ లేదు. ఇక్కడ నేలంతా పరుచుకున్న రాళ్లకు ఐరన్ ఆక్సైడ్ పట్టి ముదురు ఎరుపు రంగు వచ్చింది. వాటిని ఏరి పక్కకు నెడితే అడుగున లేత రంగు మట్టి కనిపిస్తుంది. ఏరిన రాళ్లు అంచున చిన్న గట్టు కడతాయి. లోతు చాలాచోట్ల జానెడైనా ఉండదు. వాన దాదాపు పడని చోటు కాబట్టి చెరిగిపోలేదు. 1982లో జో నికెల్ అనే అమెరికన్ కొద్దిమంది సాయంతో, కర్రలూ తాళ్లూ వాడి, 134 మీటర్ల కాండోర్ బొమ్మకు నకలు గీసి చూపించారు. స్విస్ రచయిత ఎరిక్ ఫాన్ డానికెన్ 1968లో ప్రచారంలో పెట్టిన, ఈ గీతలను గ్రహాంతరవాసులతో ముడిపెట్టే కథకు అంత గిరాకీ ఎందుకొచ్చిందన్నదే అసలు వింత.

ఎందుకు గీశారన్నది మాత్రం తేలలేదు. 1941లో అమెరికన్ చరిత్రకారుడు పాల్ కోసోక్ ఒక గీత చివర సూర్యాస్తమయం చూసి, ఇది పంచాంగమేమో అనుకున్నారు. జర్మనీలో పుట్టిన మరియా రైకా ఆ ఊహనే పట్టుకుని, చీపురుతో గీతలు ఊడ్చుకుంటూ, కొలతలు తీసుకుంటూ జీవితమంతా అక్కడే గడిపారు. తర్వాత ఖగోళ శాస్త్రవేత్త జెరాల్డ్ హాకిన్స్ కంప్యూటర్‌తో సరిచూస్తే, గీతల్లో చాలావాటికి ఆకాశంతో పొంతన కుదరలేదు. నీటి కోసం, కొండ దేవతల కోసం చేసిన క్రతువులని మానవశాస్త్రవేత్త జోహన్ రైన్‌హార్డ్ వాదన. నీళ్లకు కటకటలాడే సీమలో ఇదే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది. పైగా, చుట్ట తోక కోతి బొమ్మను చూడండి: మొత్తం ఒకే గీత, ఎక్కడా తనను తాను దాటదు. అడుగులో అడుగు వేసుకుంటూ ఒకవైపు నుంచి ప్రవేశించి బొమ్మంతా తిరిగి బయటకు రావచ్చు. గీతల మీద పగిలిన కుండపెంకులూ దొరికాయి. అంటే ఇవి పైనుంచి చూడ్డానికి కాక, నడవడానికి గీసినవి కావచ్చు.

జపాన్‌లోని యమగాటా విశ్వవిద్యాలయం, ఐబీఎం పరిశోధకులు కృత్రిమ మేధతో వైమానిక చిత్రాలను జల్లెడ పట్టి 2024లో 303 కొత్త బొమ్మలను ప్రకటించారు. అంతకుముందు తెలిసినవి 430. కొత్తవాటిలో ఎక్కువ చిన్నవి, కాలిబాటల పక్కన ఉన్నవి; మనుషులు, పెంపుడు జంతువులు, తెగిన తలలు.

వాన చెరపని ఈ బొమ్మలను మనుషులు మాత్రం పాడుచేస్తూ వచ్చారు. పాన్-అమెరికన్ హైవే బల్లి బొమ్మను రెండుగా కోసేసింది. 2014లో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ కార్యకర్తలు హమ్మింగ్‌బర్డ్ బొమ్మ దగ్గర పరిచిన నినాదం తీసేసినా, వాళ్ల అడుగుల ముద్రలు మిగిలాయి. 2018లో ఒక లారీ రోడ్డు వదిలి గీతల మీదుగా వెళ్లింది.