మెటఫర్
మెటఫర్ ఆంగ్ల సాహిత్యంలోని ప్రధాన అలంకారాలలో ఒకటి. ఒక వస్తువును నేరుగా మరొక వస్తువుగా చెప్పడం దీని లక్షణం. "ఒకచోటి నుండి మరొక చోటికి మోసుకొనిపోవుట" అనే అర్థం గల గ్రీకు మాట నుండి ఈ పదం వచ్చినది. అరిస్టాటిల్ "పొయెటిక్స్" గ్రంథంలో దీనిని చర్చించాడు. ఐ.ఏ.రిచర్డ్స్ 1936లో దీని రెండు భాగాలను టెనర్, వెహికల్ అన్నాడు. ఇవి ఉపమేయ, ఉపమానాలకు దగ్గరగా ఉంటాయి.

సిమిలీతో భేదం

"ఆమె మాటలు తేనెవలె ఉన్నవి" అంటే సిమిలీ. "ఆమె మాటలు తేనె" అంటే మెటఫర్. సిమిలీకి 'లైక్', 'యాజ్' వంటి పోలిక పదం గుర్తు. అయితే ఆ గుర్తునే నమ్ముకొనరాదు. "ఆమె నర్సుగా పనిచేస్తున్నది" అనే వాక్యాన్ని ఆంగ్లంలో చెప్పినప్పుడు 'యాజ్' వస్తుంది, కాని అందులో పోలికే లేదు.

రూపకంతో సంబంధం

తెలుగు విద్యార్థులు సిమిలీని ఉపమగా, మెటఫర్‌ను రూపకంగా గుర్తుపెట్టుకొంటారు. మొదటిది చాలావరకు సరిపోతుంది, రెండవది కొంతవరకే. రూపకంలో ఉపమేయ, ఉపమానాలు రెండూ కనబడాలి. "సంసార సాగరం"లో రెండూ ఉన్నవి. వీరుని ఉద్దేశించి "సింహం వచ్చింది" అన్నప్పుడు ఉపమేయం మాటలో లేదు. అప్పయ్య దీక్షితుల "కువలయానందం" ప్రకారం ఇది రూపకాతిశయోక్తి. ఆంగ్లంలో మాత్రం ఇదీ మెటఫరే. "ధరలు మండుతున్నాయి" అన్నప్పుడు పోలిక క్రియలోనే దాగి ఉన్నది, అదీ మెటఫరే. రూపక లక్షణాన్నే పట్టుకొన్న విద్యార్థి ఆంగ్ల పద్యంలో ఇటువంటివాటిని గుర్తించక మార్కులు పోగొట్టుకొనవచ్చును.

రూపకాతిశయోక్తి అనే పేరును చూసి దానిని హైపర్‌బొలీ అనుకొనరాదు. హైపర్‌బొలీ అనగా ఉన్నదానిని మించి చెప్పడం.