వాటా ఎవరిది? ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో బ్యాంకు వాటాల చరిత్ర

బ్యాంకు వాటాను ఏళ్ల తరబడి అట్టిపెట్టుకుంటే దక్కే ఫలాన్ని సాధారణంగా కొన్న ధర, అమ్మిన ధర, మధ్యలో అందిన లాభాంశాల ఆధారంగా లెక్కిస్తారు. కొన్న నాటి నుంచి అమ్మే నాటి దాకా ఆ వాటా ఒకే హక్కుగా నిలిచి ఉంటుందన్నది ఈ లెక్కకు పునాది. తెలుగు ప్రాంతపు బ్యాంకుల విషయంలో ఆ పునాది నిలవదు. ప్రతి తరంలోనూ ఏదో ఒక చట్టమో విలీనమో వాటాను మధ్యలో తెంచింది. దీర్ఘకాలిక ఫలాన్ని నిర్ణయించినది చాలావరకు ఆ తెగిన చోట కుదిరిన షరతులే. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దును కేంద్రంగా తీసుకుని ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు నాణేల ఏరు

ఈ ప్రాంతంలో గోదావరి చాలాకాలం రెండు ద్రవ్య వ్యవస్థలకు హద్దుగా ఉంది. కుడి ఒడ్డున పాల్వంచ, బూర్గంపాడు నిజాం రాజ్యంలోవి. అక్కడ చెల్లినది ఉస్మానియా సిక్కా. ఎడమ ఒడ్డున భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి ఏజెన్సీకి చెందినది. అక్కడ చెల్లినది బ్రిటిష్ రూపాయి. మారకపు రేటు ప్రకారం ఏడు హైదరాబాదు రూపాయలు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానం. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. భద్రాచలం ప్రాంతం 1959లో గాని ఆ జిల్లాలో చేరలేదు.

నాణేల్లాగే బ్యాంకులూ రెండు దిక్కుల నుంచి వచ్చాయి. కోస్తా వైపు, భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న నమోదై, అదే నెల 28న లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో వ్యాపారం మొదలుపెట్టింది. నిజాం వైపు, 1941 నాటి చట్టం ద్వారా హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఏర్పడింది; సిక్కా నిర్వహణ కూడా దాని బాధ్యతే. ఒకటి డెల్టా విద్యావంతుల, వ్యాపారుల మూలధనంతో పుట్టింది. రెండోది ప్రభుత్వ అండతో. రెండింటిలో దేనికీ ఈ అడవి మూలధనకేంద్రం కాదు.

1956లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు రిజర్వు బ్యాంకు చేతికి వచ్చి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా పేరు మార్చుకుంది. 1959లో భారతీయ స్టేట్ బ్యాంకుకు అనుబంధ సంస్థ అయింది; 2017 ఏప్రిల్ 1న అందులో కలిసిపోయింది. తెలంగాణలో ఊరూరా పేరున్న బ్యాంకైనా, దాని వాటాను మార్కెట్లో కొని దాచుకునే అవకాశం మదుపరికి లేకపోయింది.

ఒకే పేరు, రెండు వాటాలు

ఆంధ్రా బ్యాంకు కథ ఇంకా సంక్లిష్టం. 1980 ఏప్రిల్ 15న జాతీయం చేసిన ఆరు బ్యాంకుల్లో అది ఒకటి. చట్టపు భాషలో ప్రభుత్వం తీసుకున్నది వాటాలను కాదు, పాత కంపెనీ నడిపిన బ్యాంకింగ్ సంస్థను. నష్టపరిహారం చెల్లించవలసినది కూడా ఆ కంపెనీకే. బోర్డు మీద పేరు మారలేదు గాని బ్యాంకు చట్టరీత్యా కొత్త సంస్థ అయింది. పాత వాటాదారుకు అందులో స్థానం లేదు. కనుక 1923లో తాత కొన్న వాటాను మనుమడు 2020 దాకా దాచుకున్నాడని చెప్పే కుటుంబకథ ఏదైనా వినిపిస్తే, పరిశోధకుడు అక్కడ ఆగి ప్రశ్నించాలి. అలాంటి వాటా చట్టరీత్యా అసాధ్యం.

2001లో ప్రజలకు అమ్మినది వేరే వాటా. పది రూపాయల ముఖవిలువకే దానిని ఇచ్చారు. 2006లో మరికొన్ని వాటాలను తొంభై రూపాయల చొప్పున అమ్మారు. 2020 ఏప్రిల్ 1న బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైనప్పుడు వెయ్యి ఆంధ్రా బ్యాంకు వాటాలకు 325 యూనియన్ బ్యాంకు వాటాలు ఇచ్చారు. లాభాంశాలను పక్కనపెట్టి లెక్క వేస్తే, 2001లో కొన్నవారికి ఒక్కో యూనియన్ వాటా సుమారు 31 రూపాయలు, 2006లో కొన్నవారికి సుమారు 277 రూపాయలు పడింది. ఇద్దరూ ఓపికగా దాచుకున్నవారే. అయిదేళ్ల తేడాలో ఒకరి కొనుగోలు ఖర్చు మరొకరి ఖర్చుకు తొమ్మిది రెట్లు. అదే 2020 నవంబరులో కరూరులో పుట్టిన లక్ష్మీ విలాస్ బ్యాంకును డీబీఎస్‌లో కలిపినప్పుడు దాని వాటాదారులకు ఏమీ మిగల్లేదు. దీర్ఘకాలం అన్న మాట ఈ మూడు ఫలితాలలో దేనినీ వివరించలేదు.

ఒక ఉపప్రస్తావన: స్టాక్ మార్కెట్లో భద్రాచలం పేరు వినిపించినది బ్యాంకు వల్ల కాదు, గోదావరికి ఇవతలి సారపాకలోని కాగితపు మిల్లు వల్ల. ఐటీసీ భద్రాచలం పేపర్‌బోర్డ్స్ కూడా 2002లో మాతృసంస్థలో కలిసి, ఆ పేరుతో మార్కెట్లో కనిపించకుండా పోయింది.

అడవి దగ్గరి బ్యాంకు

గ్రామీణ బ్యాంకుల చట్టం ఈ ప్రాంతానికి నిజంగా దగ్గరైన బ్యాంకును తెచ్చింది. ఖమ్మం, నల్లగొండ జిల్లాల కోసం 1976 ఏప్రిల్ 30న నాగార్జున గ్రామీణ బ్యాంకు ఏర్పడింది. దాని మూలధనంలో కేంద్రానికి 50, ప్రాయోజక బ్యాంకుకు 35, రాష్ట్రానికి 15 శాతం. డిపాజిట్లు ఊరివి, అప్పులు ఊరివి, వాటా మాత్రం ఊరిది కాదు. 2015 సవరణ బయటి మూలధనానికి తలుపు తెరిచింది. అయితే కేంద్రమూ ప్రాయోజక బ్యాంకూ కలిసి 51 శాతానికి తగ్గకూడదన్న నిబంధన పెట్టింది. 2006 మార్చి 31న ఇది మరో నాలుగు బ్యాంకులతో కలిసి వరంగల్లు కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయింది.

కోయ, కొండరెడ్డి కుటుంబం చేతికి నిజంగా అందుబాటులో ఉన్నది సహకార సంఘపు వాటా. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘంలో అప్పు తీసుకునే రైతు ‘వాటా ధనం’ కట్టి సభ్యుడవుతాడు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థకు అనుబంధంగా ఉన్న ప్రాథమిక సంఘాలలోనూ సభ్యత్వానికి వాటాయే ఆధారం. ఎన్ని వాటాలున్నా ఒక సభ్యుడికి ఒకే ఓటు. వాటాను తిరిగి ఇస్తే చేతికి వచ్చేది ముఖవిలువే. పెరిగిన సంస్థ విలువలో భాగం ఉండదు. ‘షేరు’ అన్న మాటను డెల్టా మదుపరి, మన్యపు సభ్యుడు ఇద్దరూ వాడతారు గాని, మొదటివాడికి అది అమ్ముకోదగిన ఆస్తి, రెండోవాడికి అప్పు పుట్టడానికి కట్టే ప్రవేశ రుసుము వంటిది. ఇంకా పాతదైన ‘పాలు’ అన్న తెలుగు మాటలో ఉన్న పంచుకోవడం ఈ రెండింటిలోనూ పలచబడింది. సహకార సంఘంలో కనీసం ఓటు మిగిలింది. దాని విలువను రూపాయల్లో లెక్కించే పద్ధతి మన ఆర్థిక చరిత్రకారులు ఇంకా పట్టించుకోవలసి ఉంది.

2014లో చింతూరు, కూనవరం, వేలేరుపాడు, కుక్కునూరు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. పదేళ్ల తరువాత గ్రామీణ బ్యాంకూ రాష్ట్రాల వారీగా విడిపోయింది. 2025 జనవరి 1న దాని తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులోనూ, మే 1న మిగిలిన భాగం ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులోనూ కలిశాయి. ఒకప్పుడు రెండు నాణేలను విడదీసిన ప్రాంతంలో ఇప్పుడు రెండు బ్యాంకుల హద్దు ఉంది. ఈ విభజన నోటిఫికేషన్లను, పరపతి సంఘాల సభ్యత్వ రిజిస్టర్లను పక్కపక్కన పెట్టి చదివితే, వాటా ఎవరి పేరున మొదలై ఎవరి పేరున ముగిసిందో ఊరి స్థాయిలో గుర్తించవచ్చు.