పదకొండవ క్రోమోసోములో మన్యపు చరిత్ర

గోదావరి ఒడ్డున భద్రాచలం చుట్టూ ఉన్న అడవులను మైదానపు వారు చిరకాలం జ్వరాల సీమగా ఎంచినారు. అక్కడికి ఉద్యోగానికి వెళ్లడమంటే చలిజ్వరానికి వెరవవలసినదే. ఆ అడవులలోనే కోయలు తరతరాలుగా నివసిస్తున్నారు. మలేరియా వారినీ విడిచిపెట్టలేదు; పసిపిల్లలను ఎందరినో బలిగొన్నది. ఆ పోరాటపు గురుతు ఒకటి వారిలో కొందరి జీవకణాలలో నేటికీ నిలిచి ఉన్నది.

1910లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, వెస్టిండీస్ నుండి వచ్చిన ఒక విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారంగల ఎర్రకణాలను గుర్తించినట్లు ప్రకటించాడు. ఈ వ్యాధి వంశానుగతంగా ఎట్లు సంక్రమిస్తుందో 1949లో జేమ్స్ నీల్ వివరించాడు. దోషం హీమోగ్లోబిన్‌లోనే ఉన్నదని అదే సంవత్సరం లైనస్ పౌలింగ్, అతని సహచరులు నిరూపించారు. 1952లో లేమన్, కట్‌బుష్ అనువారు నీలగిరి గిరిజనులలో ఈ లక్షణాన్ని కనుగొన్నారు. తరువాత కోయలు, గోండులు, కొలాముల లోనూ అది బయటపడినది.

ప్రాణహాని కలిగించే లక్షణం ఇన్ని తరాలు ఎట్లు నిలిచినది? 1954లో ఆంథొనీ అల్లిసన్ తూర్పు ఆఫ్రికాలో పరిశోధించి సమాధానం చెప్పాడు. ఈ జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవారికి తీవ్రమైన మలేరియా నుండి రక్షణ కలుగుతుంది. జ్వరాల సీమలో అట్టి పిల్లలు హెచ్చుగా బ్రతికి, ఆ జన్యువును తమ సంతతికి అందించారు.

మానవుని కణంలో 46 క్రోమోసోములు, అనగా 23 జతలు ఉంటాయని 1956లో చో, లెవాన్ తేల్చారు. ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. మాంసకృత్తుల చుట్టూ చుట్టుకొన్న పొడవైన డి.ఎన్.ఎ. పోగే క్రోమోసోము. 1959లో లెజూన్ డౌన్ సిండ్రోమ్‌కు కారణమైన అదనపు 21వ క్రోమోసోమును కనుగొన్నాడు. అట్టి మార్పు సూక్ష్మదర్శినిలో కనబడుతుంది. కొడవలి కణాల విషయం వేరు. ఇక్కడ 11వ క్రోమోసోము చూపుకు మామూలుగానే ఉంటుంది. దానిలోని సుమారు 13.5 కోట్ల అక్షరాలలో ‘ఎ’ ఉండవలసిన ఒక్కచోట ‘టి’ ఉంటుంది. అందువలన హీమోగ్లోబిన్‌లో గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వేలిన్ చేరుతుందని 1957లో వెర్నన్ ఇంగ్రామ్ చూపాడు. ప్రాణవాయువు తగ్గినప్పుడు అట్టి హీమోగ్లోబిన్ గొలుసులుగా పేరుకొని కణాన్ని వంచుతుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళాలలో అడ్డుపడి భరింపరాని నొప్పులు కలిగిస్తాయి.

ఈ జన్యువుకు ఇరుగుపొరుగున ఉన్న డి.ఎన్.ఎ. కూడ చరిత్ర చెబుతుంది. నీలగిరులలో, మధ్య భారతంలో, తూర్పు అరేబియాలో ఆ పరిసరాల అమరిక ఒక్కటే. ఆఫ్రికాలోని అమరికలు వేరు. భద్రాచలం 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాకు మారినది. 2014లో చుట్టుపక్కల మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. క్రోమోసోములు ఈ సరిహద్దులను ఎరుగవు.

తల్లిదండ్రులలో ఒక్కరే వాహకులైతే, రెండవవారిది మామూలు హీమోగ్లోబిన్ అయితే, బిడ్డకు ఈ వ్యాధి రాదు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాలు వాడుకలో ఉన్నచోట ఒకే పూర్వీకుని జన్యువు ఇరువైపుల నుండి కలిసే అవకాశం హెచ్చు. ఒంటిగా ఉన్నప్పుడు డాలు అయినది, జంటగా చేరినప్పుడు కత్తి అవుతున్నది.

భారత ప్రభుత్వం 2023 జూలై 1న ఈ వ్యాధి నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ప్రారంభించినది. 2047 నాటికి దీనిని రూపుమాపాలన్నది లక్ష్యం. 40 ఏళ్లలోపువారు 7 కోట్ల మందికి పరీక్షలు జరపాలని సంకల్పించారు. అయితే రక్తపరీక్షతోపాటు దాని అర్థం కూడ ఇంటింటికీ చేరాలి. వాహకుడు రోగి కాడు. అతని జన్యువు అవమానమూ కాదు. అది జ్వరాన్ని తట్టుకొని బ్రతికిన పూర్వుల గురుతు. పెండ్లికి ముందే ఇరువైపులా పరీక్ష చేయించుకొంటే, ఎరిగి నిర్ణయించుకొనే వీలు కలుగుతుంది. ఈ మాట మన్యపు బడులలో ఉపాధ్యాయుని నోట వినబడితే, పిల్లలే దానిని ఇంటికి చేర్చగలరు.